గేట్లు ఎత్తే ముందు

"ఇయ్యాల పాలు లేవు ఆంటీ. ఎందుకు లేవో మీ కొడుకునే అడుగున్రి!"

మొఘల్‌పురాలోని ఆ ఇంటి ముందు నిలబడి సోనీ అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. చేతిలో ఖాళీ పాల క్యాన్. రోజూ నవ్వుతూ "ఆంటీ, గిన్నె పట్టున్రి" అని పిలిచే పిల్ల ఇలా మండిపడుతుంటే సావిత్రి పాల గిన్నె కింద పెట్టి గుమ్మం దిగింది.

మూసీ ఒడ్డున సోనీ వాళ్లకు బర్రెల కొట్టం ఉంది. తాత కాలం నుంచి అదే బతుకు. ఆ తెల్లవారుజామున ఊరికి పైనున్న రిజర్వాయర్ గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేశారు. సైరన్ వినబడి తేరుకునేలోపే నీళ్లు కొట్టంలోకి దూసుకొచ్చాయి. సోనీ, తండ్రి కొండల్ తాళ్లు కోసి బర్రెలను తోలారు గానీ, పుట్టి వారమైనా కాని దూడ సోనీ చేతుల్లోంచే జారి కొట్టుకుపోయింది.

సావిత్రి కొడుకు శ్రవణ్ ఆ రిజర్వాయర్ కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్. తన స్కూటీ చప్పుడు వినగానే అతను బాల్కనీలోకి వస్తాడని సోనీ ఎప్పుడో గమనించింది. గమనించనట్టు ఉండేది. ఇవాళ అది గుర్తొచ్చి ఇంకా ఒళ్లు మండింది.

రాత్రంతా డ్యూటీ చేసిన కళ్లతో శ్రవణ్ బయటికొచ్చాడు.

"గట్ల ఒక్కసారే వదుల్తరా నీళ్లు? వాన పడ్తదని ముందుగాల తెల్వదా మీకు?"

"తెలుసు," అన్నాడు శ్రవణ్ నెమ్మదిగా. "మొన్ననే ఫోర్‌కాస్ట్ వచ్చింది. ఒక్క గేటు కొంచెం ఎత్తి మెల్లగ వదులుదాం, వచ్చే నీళ్లకు జాగ చేద్దాం అని చెప్పిన. మా పెద్ద సార్ వినలే. వాన రాకుంటే ఎండాకాలం ఊరికి తాగే నీళ్లు నువ్విస్తవా అన్నడు. నిండేదాకా ఆగిన్రు. నిండినంక అన్నీ ఎత్తక తప్పలే."

"చెప్పిన, చెప్పిన అంటున్నవ్. ఎవరికి చెప్పినవ్?"

"సార్‌కు."

"నీళ్లు మీ సార్ ఇంట్లకు వచ్చినయా? రోజూ మీ గుమ్మంలకు వచ్చేదాన్ని నేను. నాకు చెప్పినవా?"

సోనీ స్కూటీని ఆ గల్లీ దద్దరిల్లేలా తిప్పుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఓ మధ్యాహ్నం అతనే కొట్టం దగ్గరికి వచ్చాడు. సోనీ బర్రెను కడుగుతోంది. చూసి కూడా పైపు ఆపలేదు. అతని బూట్లు తడిశాయి.

"ఎల్లుండి మస్తు వాన ఉంది. ఈసారి సార్ ఒప్పుకున్నడు, ఇయ్యాల్టి నుంచే మెల్లగ వదుల్తున్నం. అయినా ఒడ్డు మునగొచ్చు. బర్రెలను తీస్కపోన్రి."

"పక్కానా?"

"డెబ్బై శాతం."

"శాతాలు ఎవరడిగిన్రు? తీస్కపోవాల్నా, వద్దా?"

"తీస్కపో, సోనీ."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. శాతాల కంటే ఆ పిలుపే ఎక్కువ పనిచేసింది. తండ్రీకూతుళ్లు ఆ సాయంత్రమే మందను చాంద్రాయణగుట్టలో మేనమామ ఖాళీ జాగాకి తోలారు. ఫ్లైఓవర్ కింద బస్సులు హారన్ కొడుతుంటే బర్రెలు బెదిరిపోయాయి.

మూడో రోజు ఎండ ఫెళ్లున కాసింది. ఆ మర్నాడూ అంతే. కొత్త చోట బర్రెలు పాలు చేపలేదు. రోజూ పాలు పోయించుకునే వాడకందార్లు వేరే చోట చూసుకున్నారు. "ఏమే సోనీ, నీ వాన సార్ ఏడీ?" అని బస్తీ అంతా నవ్వింది.

సోనీ నేరుగా మొఘల్‌పురా వెళ్లి, గల్లీలో అతని బైక్‌కి అడ్డంగా స్కూటీ పెట్టింది.

"పైన చూడు. ఎండ ఎంత మంచిగ కొడ్తుందో!"

"పదిట్ల మూడుసార్లు రాదని చెప్పిన గద."

"ఆ మూడు నా నెత్తి మీదనే పడాల్నా?"

"నా నెత్తి మీద పడలేదా?" శ్రవణ్ గొంతు ఒక్కసారిగా లేచింది. "తాగే నీళ్లు మూసీల పారబోసినవని అందరి ముందట తిట్టిన్రు నన్ను. సంజాయిషీ రాయమన్నరు. అయినా మళ్లా గట్లనే చెప్త! ఎందుకో తెల్సా? నీళ్లొస్తే నువ్వు ఒక్క బర్రెను కూడ ఇడిచిపెట్టి రావు. అందులనే నిలబడ్తవ్. ఆ పొద్దున బురదతోని వచ్చి నువ్వు తిడ్తుంటే నాకేమనిపించిందో తెల్సా? బతికే ఉంది, ఎంతనన్న తిట్టనీ అనిపించింది!"

మేడ మీద బట్టలారేస్తున్న సావిత్రి చేయి తీగ మీదే ఆగిపోయింది. సోనీ చెవులు వేడెక్కాయి. స్కూటీ తిప్పుకుని పోయింది.

ఆ తర్వాత శ్రవణ్ బాల్కనీలోకి రావడం మానేశాడు. అందుకూ సోనీకి కోపమే.

మళ్లీ మబ్బులు కమ్మాయి. ఒక టీవీ వాన అంది, ఒక టీవీ లేదంది. అతని దగ్గర్నుంచి కబురు లేదు. సోనీ సావిత్రిని నంబర్ అడిగింది. ఆవిడ నవ్వు దాచుకుంటూ ఇచ్చింది.

"వాన ఉందా, లేదా?"

ఫోన్‌లో శ్రవణ్ వెనకాడాడు. "నన్నడగకు సోనీ. మళ్లా తప్పితే..."

"తప్పితే వచ్చి తిడ్త. తిట్టుడు నా పని, చెప్పుడు నీ పని. భయపడి నోరు మూసుకుంటే మాత్రం ఈ జన్మల నీ మొఖం చూడ!"

"ఉంది," అన్నాడు అతను. "పోయినసారి కంటే గట్టిగ ఉంది. గేటు పొద్దుగాలనే ఎత్తినం. పోన్రి."

సోనీ తండ్రితో బర్రెలను పంపించి, బస్తీలో తలుపు తలుపూ బాదింది. "నవ్వుకోన్రి! నవ్వుకుంటనే సామాన్లు పైకి ఎత్తుకోన్రి!"

ఈసారి వాన నిజంగానే వచ్చింది. రెండు రోజులు వదలకుండా కురిసింది. ముందే జాగా చేసిపెట్టడంతో రిజర్వాయర్ చాలా నీళ్లు ఆపుకుంది, అన్ని గేట్లూ ఎత్తాల్సిన పని పడలేదు. మూసీ కొట్టంలోకి వచ్చి మోకాటి లోతున ఆగి, వెనక్కి తగ్గింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

వాన వెలిసిన పొద్దున సోనీ కొట్టంలో బురద తోడుతుంటే శ్రవణ్ ప్యాంటు మడిచి లోపలికొచ్చాడు. ఇంకో పార అందుకున్నాడు.

"గట్ల కాదు, వంచి పట్టు," అని కసిరింది.

అతను వంచి పట్టాడు. కాసేపయ్యాక అన్నాడు: "సోనీ, మనం పెండ్లి చేసుకుందామా? నిన్ను అడుగుమని మా అమ్మ కూడ అన్నది."

"గిదేనా అడిగే జాగ? పేడల నిలబడి?"

"నువ్వు ఏడుంటే ఆడ్నే అడగాలె గద."

సోనీ అటు తిరిగింది. మొహంలో ఏం జరుగుతోందో అతనికి కనబడకూడదని. "మా బాపు ఒప్పుకోడు."

"ఎందుకు ఒప్పుకోను బిడ్డా?" బయట బీడీ వెలిగించుకుంటున్న కొండల్ గొంతు వినబడింది. "నీ కోపం ముందట నిలబడేటోడు మళ్లా దొరుకుతడా?"

"నువ్వు నడుమల రాకు బాపూ!" అని అరిచి, సోనీ శ్రవణ్ వైపు తిరిగింది. కళ్లు నిండుగా ఉన్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు.

"చేసుకుంట. ముందు ఆ మూల సాఫ్ చెయ్యి."