తాతయ్యకి ఆయాసం

చీఫ్ తలుపు గడియ వేసి వచ్చి, టేబుల్ మీద ఒక తాళంచెవి, ఒక స్క్రూడ్రైవర్ పెట్టాడు.

"ఈ మిషన్‌లో తుపాకీ ఉండదు," అన్నాడు.

ఏజెంట్ గువ్వ మొహం వాడిపోయింది. పారాచూట్ కట్టుకుని దూకడం, మారువేషాలు, కరాటే అన్నీ నేర్చుకున్నవాడు మరి.

"మనవాళ్లు ఏడుగురు ఏడు ఊళ్లలో ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక ల్యాప్‌టాప్. అన్నిటికీ నడిమధ్యన ఒక ముసలి డెస్క్‌టాప్. ఎవరి మెసేజ్ అయినా దాని గుండానే పోవాలి. నీ డ్యూటీ దాన్ని బతికించడం."

"కొత్తది కొనెయ్యొచ్చు కదా సార్?"

"ఆ కోడ్ రాసినాయన పోయాడు. అది ఇంకే మెషీన్ మీదా నడవదు. శత్రువులు ఆ సెంటర్ కోసం ఊళ్లు జల్లెడ పడుతున్నారు. రోజూ సాయంత్రం మన ఆపరేటర్ ఫోన్ చేస్తుంది, పేరు లైన్ టూ. గదిలో ఏముందో ఆవిడకీ తెలీదు. బాగుందని చెప్పు, పెట్టెయ్."

"ఈ స్క్రూడ్రైవర్?"

"పిడి నొక్కితే మత్తుమందు స్ప్రే. స్క్రూలు కూడా తిప్పుతుంది."

ఇస్త్రీ షాపు పైన రెండు గదులు. బయటి గదిలో మంచం, ఫోను. లోపలి గదిలో పసుపు తేలిన పాత డెస్క్‌టాప్. గువ్వకి మనుషులతో మాటల్లేవు. పొద్దున్నే కింది నుంచి వేడి గుడ్డల వాసన పైకొచ్చేది. ఆ వాసన కోసమే కిటికీ తెరిచి నిలబడేవాడు. కాఫీ గ్లాసు మెషీన్ నెత్తిన పెడితే చివరి గుక్క దాకా వేడి తగ్గేది కాదు. ఉతికిన మేజోళ్లు వెనక తీగ కట్టి వేస్తే దాని ఫ్యాన్ గాలికి ఇట్టే ఆరిపోయేవి. అంత పెద్ద వయసుదాన్ని "ఇది" అనడానికి నోరు రాలేదు. వారం తిరిగేసరికి అది తాతయ్య అయింది. తర్వాత "ఆయన" అయింది. దుమ్ము పడకుండా తన శాలువా తీసి ఆయనకి కప్పాడు.

సాయంత్రం ఫోన్ మోగేది.

"ఇంట్లో అంతా కులాసానా?" లైన్ టూ గొంతు వెచ్చగా ఉండేది.

"తాతయ్యకి కాస్త ఆయాసం. మధ్యాహ్నం ఒళ్లు కాలిపోయింది. తుడిచాను, నెమ్మదించింది."

"అయ్యో. పెద్ద వయసు కదండీ. పక్కన మీరే ఉన్నారా?"

"నేనే. ఇంకెవరున్నారు?"

పేరు పెట్టింది మెషీన్‌కని ఆవిడ కనిపెట్టే ఉంటుందని, సరదాకి వంత పాడుతోందని అనుకున్నాడు గువ్వ. రోజుకి ఒక్కసారి ఒకరు అలా అడగడమే అతనికి పండగలా ఉండేది.

ఒక మధ్యాహ్నం చీఫ్ నుంచి అర్జెంట్ కాల్ వచ్చింది.

"మనవాళ్లు ఏడుగురూ ఈ రాత్రి రేవు గోడౌన్‌లో కలుస్తున్నారు. అది ఉచ్చు. 'కదలొద్దు' అని పంపు. ఐదింటికి ల్యాప్‌టాప్‌లు మూసి బయల్దేరతారు. ఆ తర్వాత వాళ్లని ఆపే దారి లేదు."

గువ్వ మెసేజ్ కొట్టాడు. తాతయ్య దాన్ని కోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత తాపీగా పాకుతోంది.

నాలుగున్నర దాటాక కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో తెల్ల కోటు వేసుకున్న నర్సు. మూతికి మాస్క్, చేతిలో మందుల బ్యాగ్, కాళ్లకి హైహీల్స్. అలాంటి నర్సు ఇంటికొస్తే ఆరోగ్యంగా ఉన్నవాడికీ జ్వరం తగులుతుంది.

"తాతయ్యగారికి ఇంజెక్షన్ ఇమ్మన్నారు," అంది బొంగురు గొంతుతో.

తాతయ్య అన్న మాట గువ్వ నోటి నుంచి ఈ లోకంలో ఒకే ఒక్క చెవిలో పడింది. ఆ చెవి లైన్ టూది.

కిటికీలోంచి చూశాడు. కింద నల్ల కారు, అందులో నలుగురు. తలుపు మూస్తే బద్దలు కొట్టుకుని వస్తారు. ఈవిడ సిరంజితో లోపలికి వెళితే నింపాదిగా కూర్చుంటారు. సెంటర్ నడిపేది ఎవరో ముసలాయన అనుకుని వచ్చింది. సిరంజి మనిషిని చంపుతుంది. తాతయ్యని ఏం చేస్తుంది?

"రండి. లోపల పడుకున్నారు. కాస్త చెవుడు," అన్నాడు.

లోపలి గదిలో కర్టెన్లు వేసున్నాయి. శాలువా కింద ఎవరో గురగురమంటున్నారు. ఆవిడ మెల్లగా దగ్గరికి వెళ్లి, శాలువా మీద చెయ్యి వేసింది. వెచ్చగా తగిలింది.

"చిన్న చీమ కుట్టినట్టు ఉంటుంది తాతయ్యగారూ," అని సూది దించింది.

టిక్. సూది వంగిపోయింది. శాలువా జారింది. ఆవిడ మాస్క్ లాగేసింది.

"ఇది కంప్యూటరా?"

అది సాయంత్రాల గొంతు. గువ్వకి ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

"ఆయాసం అన్నావు కదయ్యా!"

"ఫ్యాన్ పాతది."

"ఒళ్లు కాలిపోతోందన్నావు."

"ప్రాసెసర్."

"రోజూ తుడుస్తున్నానన్నావు."

"దుమ్ము."

"ఇన్నాళ్లూ నేను ఒక రేకు డబ్బా క్షేమం కనుక్కున్నానా," అంది. ఆవిడ చూపు తెర మీది ఆకుపచ్చ గీత మీద పడింది. గీత చివరికి వచ్చేసింది. గువ్వ ఊహించనిది అప్పుడు జరిగింది. ఆవిడ వంగి, గోడలోంచి ప్లగ్ పీకేసింది.

గురగుర ఆగిపోయింది. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం గువ్వ ఎన్నడూ వినలేదు.

స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. లైన్ టూ మేజోళ్ల తీగ పట్టుకుని కింద కూలబడింది. ప్లగ్ పెట్టి బటన్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. గడియారం ఐదుకి దగ్గరపడుతోంది. మళ్లీ నొక్కాడు. ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

తాతయ్యని కంగారు పెడితే లేవడని గువ్వకి తెలుసు. మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ పక్కన అరచెయ్యి ఆనించి, వెన్ను నిమిరినట్టు నిమిరాడు.

"లేవండి తాతయ్యా. పిల్లలు బయటికెళ్లిపోతున్నారు."

మూడోసారి నొక్కాడు. గుర్రుమంది. తెర వెలిగింది. ఆగిన చోటి నుంచే గీత కదిలింది. పెద్ద ముల్లు పన్నెండు మీదికి వాలుతుండగా మెసేజ్ వెళ్లింది. ఒకటి తర్వాత ఒకటి జవాబులొచ్చాయి: అందింది, అందింది... ఏడోది కాస్త ఆలస్యంగా వచ్చింది. అది చూశాకే గువ్వ జారిన శాలువా తీసి మళ్లీ ఆయనకి కప్పాడు.

గువ్వ ఫోన్ చెయ్యగానే చీఫ్ మనుషులు వచ్చి, కింద కారుని చుట్టుముట్టి, పైకొచ్చి లైన్ టూకి బేడీలు వేశారు. మత్తు పూర్తిగా దిగని కళ్లతో ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

"ఫ్యాన్ మార్పించండి," అంది. "ఆయాసం నిజంగానే ఉంది."

ఆ సాయంత్రం అలవాటు కొద్దీ గువ్వ ఫోన్ పక్కన కూర్చున్నాడు. అది మోగలేదు. కింద ఇస్త్రీ పెట్టెలు చల్లారిపోయాయి. చీకటి పడ్డాక మోగింది. చీఫ్.

"బాగా చేశావ్. ఇంకో మిషన్ ఇవ్వనా? తుపాకీ ఇస్తాను."

"ఫ్యాన్ పంపండి సార్, చాలు."

"ఒక్కడివే ఎన్నాళ్లుంటావు? తోడుగా ఎవరినైనా పంపించనా?"

గువ్వ లోపలి గదిలోకి చూశాడు. శాలువా కప్పుకుని తాతయ్య గురగురమంటున్నాడు. నెత్తిన కాఫీ గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది.

"ఇంట్లో పెద్దాయన్ని ఒక మాట అడిగి చెబుతాను సార్," అన్నాడు.