తొలి వేసవి మొగ్గ

మేడ మీద తొట్టిలో వచ్చిన మొదటి మొగ్గను నేను కత్తిరిస్తుండగా కింది వాటాలో అద్దెకున్న లైబ్రేరియన్ చూసింది. ఆ గులాబీ మొక్క ఆమెది. ఇంకేముంది, నా పని అయిపోయింది.

"పువ్వు కోసేవాళ్ళని దొంగలంటారు. మొగ్గ కోసేవాళ్ళని ఏమంటారండీ?" అని అడిగింది.

తోటమాలి అంటారని చెప్పాను. దాంతో ఆమె కోపం ఇంకాస్త పెరిగింది.

నిజానికి నేను ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్‌ని. మొక్కల పిచ్చి అమ్మ నుంచి వచ్చింది. ఈ ఉక్కపోతలో కొత్త మొక్క తొలి వేసవిలోనే పూస్తే నీరసించిపోతుందని, మొగ్గలు తుంచేస్తే వేళ్ళు బలపడి వానలు వెళ్ళాక బాగా పూస్తుందని నచ్చజెప్పాను. ఆమె అంతా విని, రెండు నెలల్లో తనకు ట్రాన్స్‌ఫర్ అని, ఆ పూలు చూసే యోగం లేనట్టేనని అంది. కోసిన మొగ్గని తిరిగి అతికించాలనిపించింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇద్దరం మేడ మీద కలిసేవాళ్ళం. మట్టిలో వేపపిండి కలిపేవాళ్ళం, ఎండ తగలకుండా పాత దుప్పటి కట్టేవాళ్ళం. ఆకులు తడవకుండా మొదలు దగ్గర నీళ్ళు పోయాలని నేనే నేర్పాను. తీరా ఆమె కబుర్లు చెబుతుంటే నేను ఏదో లోకంలో ఉండి పోస్తూనే ఉండేవాణ్ణి, తొట్టి పొంగి నా కాళ్ళు తడిసేవి. మొక్కకి ఈత నేర్పుతున్నారా అని నవ్వేది.

ఆమె వెళ్ళాల్సిన వారంలో సన్నగా వాన మొదలైంది. ఆకుల చాటున మరో మొగ్గ ఎర్రగా తొంగి చూసింది. ఈసారి కత్తెర జోలికి పోలేదు. మొక్క నీరసించినా సరే, ఆమె ఒక్క పువ్వయినా చూసి వెళ్ళాలి.

ఆమె వచ్చింది. మొగ్గను చూసింది. పుటుక్కున తుంచేసింది.

"అయ్యో, మీకోసమే ఉంచానండీ."

"తొందరేముంది? వానలు వెళ్ళాక పూయనీండి."

"అప్పటికి మీరుండరుగా?"

ఆమె నావైపు జాలిగా చూసింది. పక్కన తీగ మీది బట్టలు తీస్తున్న అమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"చప్పుడు విని ఫ్రిజ్ రోగం చెప్పేస్తావు. ఆ పిల్ల ఇంత చెబుతున్నా అర్థం కాదేంట్రా?"

ట్రాన్స్‌ఫర్ వద్దని నిన్ననే రాసిచ్చేసిందట.

"మీరంటే నాకు చాలా ఇష్టం. ఎప్పటికీ ఇక్కడే ఉండిపోండి," అన్నాను.

"కింది వాటాలోనా?" అంది, మొహం మీది చినుకులు తుడుచుకుంటూ.

"మాతోపాటు పై వాటాలో," అంది అమ్మ, నాకంటే ముందే.