తెరచాపల పేట నక్షత్రం

ఎలీసమ్మ ఇంతకు ముందెప్పుడూ ఏమీ రాసి ఎరగదు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. రొయ్యల షెడ్డులో జీతం తీసుకునేటప్పుడు సంతకం, బైబిలు మొదటి పేజీలో పేరు, అంతే ఆమె రాత. "నేను" అని రాసుకోవడానికి సిగ్గేసి ఇక్కడ కూడా "ఎలీసమ్మ" అనే రాసుకుంది. కొత్తరేవు నగరంలో క్రిస్మస్ దీపాల గురించి టీవీవాళ్ళు చెప్పారు, పేపరువాళ్ళు రాశారు, చివరికి మిషను కూడా చెప్పింది. అందరి అభిప్రాయాలూ అయ్యాయి కదా, ఇక ఆమెది వినండి.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం, తెరచాపల పేట మలుపులో దీపస్తంభానికి కట్టిన క్రిస్మస్ నక్షత్రం వెలగబోయి ఆగిపోయింది. ఎర్రగా ఒకసారి రెప్ప ఎత్తినట్టు ఎత్తి, నీరసంగా వాల్చేసింది. షెడ్డు నుంచి ఇళ్ళకు వస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు.

"వైరు పోయిందేమోనే," అంది ఒకామె.

"వైరు కాదు. మనోదీపం పెట్టారుగా, అదేదో లెక్కేస్తోందంట," అంది ఇంకొకామె.

అది మనిషి ఎత్తు నక్షత్రం. వెదురు బద్దల చట్రం, దాని మీద ఎర్ర కాగితం. కాగితం ఏటా మారుతుంది కానీ చట్రం మారదు. అది ఎలీసమ్మ పెనిమిటి యోబు తన చేత్తో కట్టింది. కట్టిన మరుసటేడు తుఫానులో పడవతో పాటు యోబు కూడా పోయాడు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మనిషి రాలేదు. పాతిపెట్టడానికి మనిషి లేడు కనుక సమాధి లేదు. సమాధుల పండక్కి పేటంతా కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తుంటే ఎలీసమ్మ ఇంట్లో గడపకి ఆనుకుని కూర్చునేది. డిసెంబరులో నక్షత్రం లేచాకే ఆమెకు మొగుడి దగ్గరికి వెళ్ళినట్టుండేది. దాని కింద ఆగి, కొంగు తలమీదికి లాక్కుని, తల వంచి, కళ్ళు మూసుకుని, ఏడాదిలో జరిగిన సంగతులన్నీ ఆయనకు చెప్పుకునేది. పదిమందిలో నోరు పెగలని మనిషికి మాటలొచ్చే చోటు అదొక్కటే.

పేట ఆడవాళ్ళందరికీ ఆ అలవాటు ఉంది. ఎవరి మనిషి సముద్రం మీదున్నా ఆ నక్షత్రం కింద ఓ క్షణం ఆగుతారు. ప్రార్థన గుడిలో అయినా నడివీధిలో అయినా తలకు ముసుగు పడాలి, కళ్ళు మూతపడాలి.

ఇక మనోదీపం సంగతి. డిసెంబరు వచ్చిందంటే నగరంలో ఒకటే తగువు. "కరెంటు దండగ" అని ఒకరు, "పిల్లల సరదా, ఉండనియ్యండి" అని ఇంకొకరు. "మా పండక్కి కట్టని దీపాలు ఈ పండక్కి ఎందుకు కట్టాలి" అని ఒకరు, "దీపాలతో మాకు పేచీ లేదు, ఆ మైకులు తగ్గించమనండి చాలు" అని మరొకరు. వినీ వినీ విసిగిపోయిన కార్పొరేషన్ వాళ్ళు డాక్టర్ పరాంకుశంగారు కనిపెట్టిన మనోదీపం అనే మిషను తెచ్చి ప్రతి దీపస్తంభానికీ బిగించారు. ముందు క్రిస్మస్, తరవాత అన్ని పండగలకూ అదేనని ప్రకటించారు.

డాక్టరుగారు పేటకు వచ్చి గుడి వరండాలో నిలబడి తనే వివరించాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో క్షమాపణ అడగబోతున్నట్టుండే మనిషి.

"మీరు ఓటు వెయ్యక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. స్తంభంలో ఆవగింజంత కెమెరా ఉంది. కింద నడిచిపోయే మనిషి మొహం చూస్తుంది. కళ్ళు విప్పారాయా, బుగ్గలు పైకి లేచాయా, కనుబొమలు ముడిపడ్డాయా అని కొలిచి వందకు మార్కులు వేస్తుంది. వీధి మొత్తానికి సగటు ఎంతొస్తే ఆ వీధి దీపాలకు అంత కరెంటు వెళ్తుంది. అబద్ధం చెప్పడానికి నోరుంది గానీ మొహానికి చేతకాదు."

"నాబోటి పళ్ళూడినోడు నవ్వితే ఎన్ని మార్కులండీ?" అన్నాడు వెనక నుంచి ముసలి దానియేలు.

అందరూ నవ్వారు. డాక్టరుగారూ నవ్వాడు. "పళ్ళు అక్కర్లేదు తాతా, బుగ్గలు చాలు."

"మరి వీధిలో ఎవరూ లేకపోతే ఆరిపోద్దా?" అని అడిగింది జ్ఞానసుందరి. ఆమె యోబుకు అక్క, ఎలీసమ్మకు వదిన. పేటలో ఏ సభలోనైనా ఆమె ప్రశ్న ఒకటి ఉండాల్సిందే.

"ఆరదమ్మా. మొహమే కనపడకపోతే ఎవరికీ అభ్యంతరం లేనట్టు లెక్క. అప్పుడు మామూలు వెలుగులో ఉంటుంది. కానీ ఒక్కటి. ఇరవైనాలుగో తారీఖు సాయంత్రానికి ముప్ఫై మార్కులు దాటని వీధిలో దీపాలు, నక్షత్రాలు విప్పేస్తారు. వచ్చే ఏడు నుంచి కట్టనివ్వరు. జనం వద్దన్నది జనం మీద రుద్దకూడదు కదా."

ఆ మాట అందరికీ బాగానే అనిపించింది. తెరచాపల పేటలో నక్షత్రం వద్దనే మనిషి ఎవరున్నారు గనక?

వారం తిరిగేసరికి షాపింగ్ మాల్ రోడ్డు పట్టపగల్లా వెలిగిపోతోంది. జనం సెల్ ఫోన్లు పైకెత్తి, ఫొటోలకు నవ్వుతూ తిరుగుతున్నారు. పేటలో స్తంభం మీద సగటు చూపించే ఎర్రంకెలు మాత్రం పదకొండు దగ్గర కూలబడ్డాయి. నగరం మొత్తంలో అదే అట్టడుగు. టీవీలో అమ్మాయి ఆశ్చర్యపోతూ చెప్పింది: "క్రైస్తవుల పేటలోనే క్రిస్మస్ దీపాలు వద్దంటున్నారు!" పొరుగు వీధుల వాళ్ళు కనపడినప్పుడల్లా, "ఏమ్మా, మీ పండగ మీకే నచ్చలేదంటగా?" అని దెప్పడం మొదలుపెట్టారు.

డాక్టరుగారికే నమ్మకం కుదరక టాబ్లెట్ పట్టుకుని మళ్ళీ వచ్చాడు. మలుపులో నిలబడి మొహాలు ఒక్కొక్కటీ జరుపుతూ చూశాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు.

"ఈవిడెవరు?"

"నేనేనండి," అంది ఎలీసమ్మ. తన మొహం తను అలా చూసుకోవడం ఆమెకు అదే మొదలు. ముసుగు, వంచిన తల, మూసిన కళ్ళు, ముడిపడిన నుదురు. కింద రాసి ఉంది: అయిష్టం, మూడు మార్కులు.

"దీపాన్ని చూడ్డానికే ఇష్టం లేని మనిషి అని చదివింది మిషను."

"చూడ్డం లేదండి. ప్రార్థన చేసుకుంటున్నాను."

డాక్టరుగారు టాబ్లెట్ దించేశాడు. "దానికి లక్షల మొహాలు చూపించి నేర్పామమ్మా. అందులో ప్రార్థన చేసే మొహం పెట్టలేదు."

"అయితే ఇప్పుడు నేర్పండి."

"ఇరవైనాలుగు లోపల కుదరదు. వచ్చే ఏడాదికి తప్పకుండా."

"వచ్చే ఏడాదికి నక్షత్రమే ఉండదు గదండీ."

ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "ఒక పని చెయ్యండి. వచ్చేటప్పుడు తలెత్తి, నక్షత్రాన్ని చూసి ఒక్క నవ్వు నవ్వండి. క్షణం చాలు. ప్రార్థన ఇంటికెళ్ళి చేసుకోవచ్చు," అన్నాడు.

మర్నాటి నుంచి జ్ఞానసుందరి పెత్తనం మొదలైంది. షెడ్డులో రొయ్యల తలలు తుంచుతూనే అందరికీ నవ్వు నేర్పించింది. "బుగ్గలు లేపండే! అలా కాదు మార్తమ్మా, పుల్లటి చింతపండు తిన్నట్టుంది. కళ్ళు తెరువు!" పేటంతా మలుపు దగ్గరకు రాగానే తలెత్తి ఇకిలించడం మొదలుపెట్టింది. దానియేలు తాత బోసినవ్వుకు రోజూ తొంభై పైమాటే. తల్లిని పాతిపెట్టి శ్మశానం నుంచి తిరిగొస్తూ మార్తమ్మ కూడా స్తంభం కింద ఆగి నవ్వి, ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. అంకెలు పెరిగాయి. ఇరవై దాటాయి. నక్షత్రానికి రంగొచ్చింది.

ఎలీసమ్మ కూడా ఒకరోజు ప్రయత్నం చేసింది. తలెత్తింది. బుగ్గలు లేపింది. అంతే, యోబుకు చెప్పాలనుకున్న మాటే మర్చిపోయింది. ఎవరో తొంగి చూస్తూ మార్కులేస్తుంటే ఆడది మొగుడితో ఏం మాట్లాడుతుంది? ఆమె నవ్వు దించేసి, కొంగు తలమీదికి లాక్కుంది. ఆ మర్నాడు కూడా, ఆ తరవాత కూడా.

ఇరవైనాలుగు సాయంత్రం. మలుపులో మేయరుగారు, టీవీ కెమెరాలు, డప్పులతో క్యారల్స్ బృందం. అంకెలు ముప్ఫై ఒకటి చూపిస్తున్నాయి. పేట జనమంతా వరసగా నిలబడి, దవడలు నొప్పెట్టేలా నవ్వుతున్నారు. అప్పుడే షెడ్డు నుంచి వస్తున్న ఎలీసమ్మకు జ్ఞానసుందరి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఒక్క నవ్వు నవ్వవే, నీ కాళ్ళు పట్టుకుంటా. అది నా తమ్ముడి నక్షత్రం. నీ చేత్తో నువ్వే ఆర్పుతావా?"

"నీ తమ్ముడికి నా ఏడుపూ తెలుసు, నా నవ్వూ తెలుసు వదినా. ఈ ఇకిలింపు తెలీదు. ఎవరో అనుకుంటాడు."

"అంకెలు పడిపోతాయే!"

"పడనీ."

ఎలీసమ్మ స్తంభం కిందికి వెళ్ళింది. అందరి కళ్ళూ ఆమె మీదే. పదిమందిలో మాట్లాడి ఎరగని మనిషి. అయినా నోరు తెరిచింది.

"డాక్టరుగారూ, ఈ పండగ మాది. సంతోషమొస్తే నవ్వుతాం, పోయినోళ్ళు గుర్తొస్తే ఏడుస్తాం. రెండూ పండగే. అది దేవుడికి తెలుసు, నీళ్ళల్లో ఉన్న మా ఆయనకు తెలుసు. ఈ స్తంభానికి నా మొహం చూపించి ఒప్పించుకోవాల్సిన ఖర్మ నాకు లేదు."

కొంగు తలమీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది.

మార్తమ్మ నవ్వు ముందు చెదిరింది. ఆమె కూడా ముసుగేసుకుంది. ఆమె పక్కనున్న ఇద్దరు ముగ్గురి తలలు వంగాయి. మిగతావాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు గానీ, కంగారుగా నవ్వే నవ్వుకు మార్కులు రాలేదు. ముప్ఫై. ఇరవై ఎనిమిది. ఇరవై రెండు. తొమ్మిది. నక్షత్రం ఎర్రదనం వెలిసిపోయి, కాగితం కాగితంలా మిగిలింది. డప్పులు ఆగిపోయాయి. టీవీ అమ్మాయి కెమెరా వైపు తిరిగి, "ప్రజాభిప్రాయం తేలిపోయింది," అంది. పండగ వెళ్ళిన మర్నాడు మనుషులొచ్చి విప్పుతారని చెప్పి మేయరుగారు కారెక్కాడు.

జ్ఞానసుందరి విసవిసా ఇంటికెళ్ళిపోయింది. చీకట్లో డాక్టరుగారు ఒక్కడే మిగిలాడు.

"నగరం మనసు తెలుసుకుందామనుకున్నానమ్మా," అన్నాడు.

"మీ మిషను వచ్చాక నగరం నవ్వడం నేర్చుకుంది సార్. ఇక ఎవరి మనసూ మీకు తెలీదు."

మర్నాడు క్రిస్మస్. తెల్లవారుజాము ఆరాధన ముగిసి జనం గుడి మెట్లు దిగుతుంటే, ఇంకా మసక విడలేదు. ఎలీసమ్మ తెల్ల చీర కుచ్చిళ్ళు దోపుకుని, గుడి వెనక నుంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి స్తంభానికి వేసింది. అందరూ చూస్తూనే ఉన్నారు. సగం ఎక్కేసరికి నిచ్చెన ఊగింది, మళ్ళీ నిలిచింది. కిందికి చూస్తే జ్ఞానసుందరి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

"చూస్తావేంటే, ఎక్కు," అంది.

రాత్రంతా ఇంటికి పోలేదేమో, డాక్టరుగారు నలిగిన చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. "ఏం చేస్తున్నారమ్మా అక్కడ?"

ఎలీసమ్మ బొడ్లోంచి పాత చీర కొంగు ముక్క తీసింది. ఆవగింజంత కన్ను మీదుగా స్తంభం చుట్టూ చుట్టి, చంటిపిల్ల తలకు కట్టినట్టు నెమ్మదిగా ముడి వేసింది.

"ముసుగేస్తున్నాను సార్. ఇది ప్రార్థన చేసుకునే చోటు. ఇక్కడ ఎవరైనా సరే కళ్ళు మూసుకోవాల్సిందే."

ఎర్రంకెలు మాయమయ్యాయి. మొహమే కనపడని మిషను తన లెక్క తను వేసుకుంది. ఎవరికీ అభ్యంతరం లేదనుకుంది. యోబు కట్టిన నక్షత్రం ఎప్పటి వెలుగుతో, ఎక్కువా తక్కువా కాకుండా వెలిగింది. రేపు నక్షత్రం విప్పడానికి మనుషులొస్తారో లేదో గానీ, డాక్టరుగారు ముసుగు విప్పమనలేదు.

ఎలీసమ్మ నిచ్చెన దిగి, కొంగు తలమీదికి లాక్కుని, యోబుకు నిన్నటి సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.