ఒక్క రాయి

రాత్రి జరిగి ఉంటే కనీసం చీకటి మీదికి నెట్టేసేవాణ్ణి. మధ్యాహ్నం మూడు గంటలకి జరిగింది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. వీధిలో ఎవరో స్టార్టవ్వని స్కూటర్‌ని తిట్టుకుంటూ తన్నుతున్నారు. అంత మామూలు మధ్యాహ్నం.

మాది ఇళ్లల్లో ఉప్పునీటి అక్వేరియాలు చూసుకునే పని. మాది అంటే నాదీ, మా తోడల్లుడిదీ. మా ఆవిడా, వాళ్లావిడా అక్కచెల్లెళ్లు. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. అత్తగారింట్లో మొదలైన ఆ పిలుపే పనిలోనూ స్థిరపడిపోయింది. మాలో మేం మాత్రం అన్నయ్యా, తమ్ముడూ అనుకునేవాళ్లం. గాజు తొట్టెలో సముద్రం పెట్టుకోవాలని సరదాపడేవాళ్లకి ఆ సముద్రం కంపు కొట్టకుండా చూడటం మా బాధ్యత. పన్నెండేళ్లు ఒకే వ్యానులో తిరిగాం, ఒకే ఫ్లాస్కులో కాఫీ తాగాం. "నీకు నాకంటే మీ బావ మీదే నమ్మకం" అని మా ఆవిడని ఏడిపించేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకూ నాకంటే ఆయన మీదే నమ్మకం ఎక్కువ. అదే నా కొంప ముంచింది.

ఈ పనిలో మేం భయపడేది ఒక్కదానికే. బొత్తాం పగడం అంటాం మేము. రాయి నిండా చొక్కా బొత్తాలంత జీవాలు, ఒక్కోదాని అంచు చుట్టూ కనురెప్పల్లా సన్నటి వెంట్రుకలు. నీలం దీపం కింద చూస్తే ముద్దొస్తాయి. వాటిలో కొన్ని రకాల్లో ఉండే విషం మనిషిని చంపగలదు. వాటిని గీకకూడదు, బ్రష్షుతో రుద్దకూడదు, ఆరబెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వేడి తగలనివ్వకూడదు. వేడి తగిలితే విషం ఆవిరితో పాటు లేస్తుంది. పీల్చినవాడికి ముందు నోరు చేదెక్కుతుంది, తర్వాత పెదాలు తిమ్మిరెక్కుతాయి, చలి పుడుతుంది, ఆ తర్వాత ఊపిరాడదు.

అందుకని మాకో పద్ధతి ఉంది. ఒకరు లోపల, ఒకరు తలుపు బయట. లోపలివాడు భుజాల దాకా గ్లవ్స్ వేసుకుని, కళ్లకి అద్దాలు, ముక్కుకి మాస్కు పెట్టుకుని, రాయిని నీళ్లలో ఉండగానే సంచిలోకి దించి, నీళ్లలోనే మూతి బిగించి, అప్పుడు పైకి తీయాలి. బయటివాడికి రెండే పనులు. హీటర్ ఆపి ఆ స్విచ్చి దగ్గరే కాపలా ఉండటం ఒకటి. రెండు నిమిషాలకోసారి "ఉన్నావా?" అని అడగడం రెండోది. లోపలివాడు "ఉన్నా" అనాలి. అనకపోతే మరుక్షణం తలుపు తోసుకొచ్చి బయటికి ఈడ్చెయ్యాలి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మేం నవ్వుకుంటూనే చేసేవాళ్లం, కానీ ఒక్కసారి కూడా మానలేదు.

ఆ ఇల్లు ఒక రిటైరైన ఇంజినీరుది. హాలు చివర తొట్టె ఉన్న గది. దాని పక్క గదిలో ఆయన తల్లి, మంచం పట్టిన ముసలావిడ. చేపలన్నీ ఒకటొకటిగా చచ్చిపోయాయట, తొట్టె తీసేయించాలనుకుంటున్నాడట. లోపలికి వెళ్లి చూశాం. కిటికీ తెరిచే ఉంది గానీ దానికి మందపాటి తెర కట్టేసి ఉంది. నీలం దీపం తప్ప వెలుతురు లేదు. ఉప్పు వాసన, పాచి వాసన, వాటి కింద ఇంకేదో తియ్యటి వాసన. తొట్టెలో మిగిలింది ఒకే ఒక్క రాయి. గుమ్మడికాయంత ఉంది. నిండా బొత్తాలే.

"ఇదివరకు దీన్ని ఎవరైనా కదిపారా అండీ?" అని అడిగాను.

"లేదు లేదు, ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు ఇంటాయన. నా వైపు కాదు, గోడ వైపు చూస్తూ అన్నాడు. నేనది పట్టించుకోలేదు.

చెయ్యి అందడానికి సగం నీళ్లు తోడేశాం. హీటర్ గొట్టం పైసగం గాలిలోకి తేలింది, రాయి దానికి ఆనుకుని ఉంది. స్విచ్చిబోర్డు గది బయట, తలుపు పక్కనే. ఆ రోజు లోపల నేను, తలుపు బయట పెద్దల్లుడు. ముసలావిడ గదిలోకి గాలి పోకుండా తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు కుక్కాం.

"హీటర్ ఆపేశావుగా అన్నయ్యా?"

"ఆపేశాను. నువ్వు కానియ్యి." హీటర్ మీది ఎర్రదీపం ఆరిపోవడం నేనూ చూశాను.

చేతులు నీళ్లలో పెట్టాను. మామూలుగా మనిషి నీడ పడితే చాలు, ఈ బొత్తాలు ముడుచుకుపోతాయి. ఇవి ముడుచుకోలేదు. ఇంకా విచ్చుకున్నాయి. నా చెయ్యి ఎటు కదిలితే అటు వాలుతున్నాయి.

"ఉన్నావా తమ్ముడూ?"

"ఉన్నా."

నీళ్లు పాతబడ్డాయి, అందుకే ఇలా ఉన్నాయి అనుకున్నాను. సంచి విప్పాను. రాయి ఇసుకలో కూరుకుపోయి ఉంది, కదల్లేదు.

"ఉన్నావా?"

"ఉన్నా!"

మళ్లీ లాగాను. కళ్లద్దాలకి ఆవిరి పట్టింది. ఎందుకు పట్టిందా అని ఆలోచించే లోపే సన్నగా ఒక చప్పుడు. చుయ్... మని. ఎవరో పళ్ల సందుల్లోంచి ఊపిరి వదిలినట్టు. ఆవిరి పట్టిన అద్దాల వెనక ఎర్రగా ఒక చుక్క కనిపించింది.

హీటర్ వెలుగుతోంది.

వెనక్కి గెంతాను. గెంతాననుకున్నాను. కాళ్లు రాలేదు. నోట్లో ఇనప మేకు చప్పరించినట్టు చేదు. మోకాళ్లు మడతపడి తొట్టె పక్కన కూలబడ్డాను. మాస్కు లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. పెదాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

"ఉన్నావా తమ్ముడూ?"

అమ్మయ్య అనుకున్నాను. జవాబివ్వకపోతే చాలు, వచ్చేస్తాడు. నోరు తెరిచాను. నాలుక మొద్దుబారిపోయింది. చిన్న శబ్దం కూడా రాలేదు. తలుపు వైపే చూస్తున్నాను. ఇప్పుడు తోస్తాడు... ఇప్పుడు...

"సరే" అన్నాడు బయటి నుంచి.

నేనేం అనలేదు. ఏం అనకుండానే సరే అన్నాడు.

మళ్లీ కాసేపటికి, "ఉన్నావా?" నేను నేల మీద పడి ఉన్నాను. ఎలాగో పాకాను, తలుపు కింది తువ్వాలు అంచు దాకా నా వేళ్లు చేరాయి.

"సరే... సరే."

ఆ తర్వాత నాకేం తెలీదు.

ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాను. నలభై నిమిషాలు లోపల ఉండిపోయానట. మాట వచ్చిన రోజు మొదట అడిగింది ఆయన్నే.

"హీటర్ ఎవరు వేశారు?"

పెద్దల్లుడు మంచం పక్కన కుర్చీలో కూర్చుని చేతులు నలుపుకున్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. "నువ్వే కదా వెయ్యమన్నావు" అన్నాడు గొంతు తగ్గించి. "నీళ్లు చల్లగా ఉన్నాయన్నయ్యా, ఒక్క నిమిషం వెయ్యి అన్నావు. వద్దు కదరా అంటే, నేను చూసుకుంటాగా అన్నావు."

"నేనన్నానా?"

"నీ గొంతే. అడిగినప్పుడల్లా ఉన్నా అంటూనే ఉన్నావు. ఎంతసేపు తమ్ముడూ అంటే, ఇంకో రెండు రాళ్లే అన్నావు."

దొరికిపోయాడు. అబద్ధం ఆడేవాడు తొట్టెలో ఏముందో చూసుకుని ఆడాలి కదా. "ఉన్నదే ఒక్క రాయి. రెండు రాళ్లని నేనెందుకంటాను?"

ఆయన నా మీదికి వంగి గుసగుసగా అన్నాడు. "చివరిసారి ఉన్నా అన్నది లోపలి నుంచి రాలేదురా. నా చెవి పక్కన వినిపించింది. తలుపుకి ఇవతల. దానికే భయపడి తలుపు తోశాను... చూస్తే నువ్వు నేల మీద ఉన్నావు."

ఒళ్లు మండిపోయింది. ఫోన్ మాట్లాడుకోవడానికి వీధిలోకి వెళ్లి ఉంటాడు. పోనీ కునుకు తీసి ఉంటాడు. తప్పైపోయిందిరా అని ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణేమో. చావు దాకా వెళ్లొచ్చినవాడికి దెయ్యం కథ చెప్తాడా? పన్నెండేళ్లు నెత్తిన పెట్టుకున్నవాడు నన్ను నిలువునా ముంచి, ఆ నెపం కూడా నా గొంతు మీదే పెట్టాడు. ఇంకెప్పుడూ నా మొహం చూడొద్దని చెప్పాను.

అక్కచెల్లెళ్ల మధ్య ఫోన్లు ఆగిపోయాయి. మా ఆవిడ పైకి ఏమీ అనేది కాదు. ఒకరోజు మాత్రం మందులిస్తూ, "బావ అబద్ధాలాడే మనిషి కాదండీ" అంది. నువ్వు కూడానా అనుకున్నాను. అలా అందే గానీ భయం మాత్రం ఆమెని వదల్లేదు. నేను ఏ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నా, స్నానానికి వెళ్లినా, బయట నిలబడి "ఏవండీ, ఉన్నారా?" అని అడుగుతూనే ఉండేది. ఉన్నా అనేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

నెలన్నర తర్వాత కాస్త నడవగలిగాక, మా ఆవిడకి చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లాను. నాకు కావలసింది ఒక్క మాట. పెద్దల్లుడు తలుపు దగ్గర లేడు, వదిలేసి వెళ్లిపోయాడు అని ఇంటాయన చెప్తే చాలు. ఆ మాట తెచ్చి మా ఆవిడ ముందు పెడదామనుకున్నాను.

ఇంటాయన తలుపు తీసి, నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తొట్టె గదికి తాళం వేసి ఉంది.

"ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు బాబూ. నేను హాల్లోనే పేపరు చదువుకుంటున్నాను. ఆయన అడగడం విన్నాను, మీరు చెప్పడం విన్నాను."

"మీరు కూడా విన్నారా?"

జవాబు పక్క గదిలోంచి వచ్చింది. ముసలావిడ మంచం మీంచి సన్నటి గొంతుతో, "మా చిన్నోడూ ఇలాగే అన్నాడు నాయనా" అంది.

"అమ్మా, నువ్వూరుకో!" అన్నాడు ఇంటాయన.

ఆవిడ ఊరుకోలేదు. "రెండేళ్లైంది. రాళ్లు కడుగుతానని వేడినీళ్లు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లాడు. వీడు బయటి నుంచి పిలుస్తూనే ఉన్నాడు. వాడు పలుకుతూనే ఉన్నాడు. ఇంకో మూడు రాళ్లే అన్నయ్యా, వచ్చేస్తున్నా అన్నాడు. తలుపు తీసేసరికి చల్లబడిపోయాడు. డాక్టరు వచ్చి, పోయి గంట దాటింది అన్నాడు..." ఆవిడ దగ్గింది. "గంట దాటితే మరి మాతో ఎవరు మాట్లాడారు నాయనా?"

నేను ఇంటాయన వైపు తిరిగాను. "ఎవరూ ముట్టుకోలేదన్నారు."

"చెప్తే మీరు లోపలికి వెళ్లేవాళ్లా?" అన్నాడు తల దించుకుని.

ఎలా బయటపడ్డానో తెలీదు. దారి పొడుగునా తిట్టుకుంటూనే నడిచాను. మనిషి చచ్చిన గదిలోకి నన్ను తెలిసి తెలిసి పంపాడు. ఇప్పుడు మళ్లీ పెద్దల్లుడికి వత్తాసు. అందరూ కూడబలుక్కున్నారు అనుకున్నాను. మూడు రాళ్లు, రెండు రాళ్లు... వద్దన్నా నోట్లో అదే నలుగుతోంది. మధ్యలో రెండుసార్లు ఫోన్ తీసి ఆయన నంబరు చూశాను. నొక్కలేదు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు. వీధి తలుపు ఓరగా వేసి ఉంది. ఒక చెప్పు విప్పాను. రెండోది విప్పబోతూ ఆగాను.

ఇంట్లో ఉప్పు వాసన.

మా ఆవిడ నాకు వీపు చేసి స్నానాలగది తలుపు ముందు నిలబడి ఉంది. భుజం మీద నా తువ్వాలు. లోపల నీళ్ల చప్పుడు. తలుపు కింది నుంచి నీలంగా వెలుతురు. మా స్నానాలగదిలో నీలం దీపం లేదు.

"ఏవండీ, ఎంతసేపండీ? ఉన్నారా?"

లోపలి నుంచి...

"ఉన్నా."

నా గొంతే. ఆ విరుపు కూడా నాదే. పెద్దల్లుడు అబద్ధం చెప్పలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆమెని పిలవబోయాను. ఇక్కడున్నానే, వెనక్కి తిరుగు, ఆ తలుపు ముట్టుకోకు అని అరవబోయాను. నోరు తెరిచాను. ఇనప మేకు చేదు. పెదాలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. గుమ్మం పట్టుకుని అలాగే జారి కూర్చుండిపోయాను.

ఆమె తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "ఇంకా ఎంతసేపు?"

"ఇంకొక్క రాయే."

మా ఆవిడ వెనక్కి తిరగలేదు.

"సరే" అంది.