ఆలస్యంగా చేరిన కూజా

"ఇంకా తొందరేముంది బావా, తిహార్ దీపాల పండక్కి రావలసింది!"

కొండదారిలోని తాడాపానీ లాడ్జి మెట్ల మీద యామ్‌కలా నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. కింద వానలో తడిసి ముద్దయిన నర్జిత్ ఆమెను చూసి నవ్వాడు. వీపున బుట్ట, దాన్ని మోసే పట్టీ నుదుట, కాళ్ళ నిండా బురద. టూరిస్టులను తీసుకుని వచ్చిన ప్రతిసారీ ఆమె ఇలాగే ఏదో ఒకటి అంటుంది, అతను నవ్వుతాడు, తర్వాత వంటింట్లో పొయ్యి పక్కన వేడి టీ దొరుకుతుంది.

"జలగలు బాగా పట్టాయా?"

"పట్టాయి. నువ్వు పీక్కుతిన్నంత తినలేదులే."

ఈ మాటకు చేతికి దొరికిందేదో ఒకటి అతని మీదకు విసరాలి. ఆమె విసరలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయని నర్జిత్ అప్పుడు గమనించాడు.

వెనకే అతని టూరిస్టులు, నడివయసు డచ్చి దంపతులు, కర్రలు ఊనుకుంటూ వచ్చారు. వాళ్ళకు గది చూపించి, తడి సాక్సులు ఆరేసి, వెల్లుల్లి సూప్ పెట్టించి నర్జిత్ వంటింట్లోకి వెళ్ళాడు. బుట్టలో స్లీపింగ్ బ్యాగుల కింద దాచి తెచ్చిన చెక్క కూజాను బయటికి తీశాడు. నిరుటి రాగులతో వాళ్ళమ్మ కాచి, ఇందుకోసమే దాచిన సారా అది. తమ మగర్ తెగవాళ్ళ ఇళ్ళలో పిల్లను అడగాలంటే కూజా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాలి. పిల్ల తండ్రి తాగితే పిల్లను ఇచ్చినట్టే.

పొయ్యి పక్కన అప్పటికే ఒక కూజా ఉంది. ఇత్తడి కట్లు, అతనిదానికి రెట్టింపు సైజు. మూత తీసి ఉంది, లోపల సగానికి పైగా సారా మిగిలే ఉంది.

"ఎవరిది?"

"బేనీ ఊరి వాళ్ళది. జీపున్న అబ్బాయి."

"మామయ్య..."

"తాగాడు. నిన్న సాయంత్రం పక్క లాడ్జి ముసలాళ్ళను పిలిచి మరీ తాగాడు." యామ్‌కలా పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నిన్న మధ్యాహ్నానికే వస్తానన్నావు కదా?"

"సూర్యోదయం చూద్దామని ఘోరేపానీలో ఆగాం. మబ్బు పట్టి కనపడలేదు. డచ్చి ఆవిడ ఏడుపు మొహం పెట్టి ఇంకొక్క రోజు ఉందామంది. కాదనలేకపోయాను."

"మర్నాడు కనపడిందా?"

"లేదు. మళ్ళీ మబ్బే."

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఎవరేం అడిగినా సరేనంటావు బావా. నేను అడిగింది ఒక్కటే. చెప్పిన రోజుకు రమ్మని."

నర్జిత్ నేల మీద కూలబడ్డాడు. అతనికి తెలిసిన పని ఇదొక్కటే, తెలిసిన దారి ఇదొక్కటే. ఇక ముందు కూడా ఈ అడవిలోంచే నడవాలి, ఈ గుమ్మం ముందు నుంచే పోవాలి. లోపల ఆమె ఉండదు. ఈ లోకంలో తనకింకేమీ మిగల్లేదనిపించింది. అప్పుడే గదిలోంచి డచ్చి ఆవిడ వేడినీళ్ళు కావాలని పిలిచింది. లేచి వెళ్ళి, ఇచ్చి వచ్చి, మళ్ళీ అక్కడే కూలబడ్డాడు.

యామ్‌కలా తండ్రి హస్తమాన్ కట్టెల మోపు దించి లోపలికి వచ్చాడు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి, అడుగు వేస్తే పాత్రలు కదులుతాయి. రెండో కూజాను చూసి ఆగిపోయాడు.

"ఓహో, నువ్వేనన్నమాట! నిన్న పొద్దుగూకే దాకా ఇది నా కాళ్ళు పట్టుకుంది, ఒక్క రోజు ఆగు నాన్నా అని. ఎవరి కోసమే అంటే నోరు విప్పదు."

విప్పడానికి లేదు. కూజా రాకముందే ఆడపిల్ల పేరు బయటపెడితే అది ఆమెకే నగుబాటు.

"తిరిగిచ్చెయ్ నాన్నా," అంది యామ్‌కలా.

"తాగిన కూజా తిరిగివ్వాలంటే అంచు దాకా నింపాలి. నేనే వీపున మోసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టి తలొంచుకోవాలి. నీ కోసం ఆ సిగ్గూ పడతాననుకో. దేంతో నింపను? కొత్త రాగులు ఇంకా చేలో పచ్చిగా ఉన్నాయి. ఇంట్లో వేరే సారా చుక్క లేదు. టూరిస్టుల బీరు పొయ్యనా?"

రేకుల మీద వాన మోగుతోంది. నర్జిత్ లేచి తన కూజా మూత తీశాడు. రెండు చేతులతో ఎత్తి బేనీ వాళ్ళ కూజాలోకి వంచబోయాడు.

యామ్‌కలా అతని మణికట్టు పట్టుకుంది. "ఏంటా పని? అది పోసేస్తే నన్ను దేంతో అడుగుతావు?"

"అడగను. ఆలస్యం చేసింది నేను. దానికి నువ్వు బేనీ పోవడమెందుకు? నీకు నచ్చినవాడు వచ్చేదాకా ఇక్కడే ఉండు. వాడు నేను కాకపోయినా సరే."

"నీలాంటి మొద్దును ఎక్కడా చూడలేదు!" ఆమె వెక్కుతూనే చెయ్యి వదిలింది.

సారా అంచు దాకా వచ్చింది. హస్తమాన్ మూత బిగించి, గుడ్డ చుట్టి, మోయడానికి పట్టీ కట్టాడు. నర్జిత్ తేలికైపోయిన తన కూజాను బుట్టలో పెట్టుకుంటూ ఇంటికెళ్ళి అమ్మతో ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

"అదిలా ఇవ్వు," అన్నాడు హస్తమాన్. "అడుగున ఏదో కదులుతోంది."

కూజా తీసుకుని గిన్నెలోకి వంచాడు. గిన్నె సగం కూడా నిండలేదు. వాసన చూశాడు.

"మీ అమ్మ కాచిందా?"

"ఊఁ."

హస్తమాన్ కూతురి వైపు చూశాడు. గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి, మీసం తుడుచుకున్నాడు. నర్జిత్ తను చూసింది నిజమేనా అన్నట్టు యామ్‌కలా వైపు తిరిగాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏం చూస్తారు? ఇవాళ్టికి బంఠాంటీ మజిలీ దాకా ఈ చలిలో ఉత్త కడుపుతో మొయ్యనా?"

పట్టీ నుదుటికి తగిలించుకుని, పెద్ద కూజా వీపున వేసుకుని, ముసలాయన వానలోకి దిగాడు. రెండు మెట్లు దిగాక వెనక్కి తిరగకుండానే కేకేశాడు.

"అల్లుడూ, పెళ్ళికైనా వేళకి రా!"