గాలిచక్రానికి పడ్డ ఓట్లు

అంగారకుడి మీద ఎర్రగూడెంలో పొద్దున్నే పళ్లు తోముకోవడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంటికొకరు వంతున వెళ్లి గాలిచక్రం తిప్పి రావాలి. గూడెం గుమ్మటంలోకి గాలి వదిలేవి కంప్యూటర్లే. కానీ అవి దొంగల చేతికి చిక్కితే గాలిని చేత్తో వదులుకోవడానికి ఆ ఇనుప చక్రం ఉంచారు. రోజూ తిప్పకపోతే ఎర్రదుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. తిప్పితే భుజాలు పట్టేస్తాయి.

ఆ చక్రాన్ని పీకేద్దామా వద్దా అని ఇవాళ సభ.

"మన కవచం ప్రోగ్రాం నూటికి తొంభై తొమ్మిది సైబర్ దాడుల్ని ఆపుతోంది," అన్నాడు రక్షణ ఇంజనీరు విశ్వంభర్. "ఇంకా ఈ చాకిరీ ఎందుకు?"

చప్పట్లు మోగాయి.

నీరజాక్షికి ఒళ్లు మండింది. పోయినేడు ఎవరో నెట్‌వర్క్‌లో దూరి గాలి ఆపేస్తే, ఆ చక్రం వల్లే ఆమె కూతురు బతికింది. ఆ కసితోనే ఆమె హారదర్శిని తయారుచేసింది. అరచేతిలో పట్టే యంత్రం. ఎవరైనా శాతం చెబితే చాలు, అసలు డేటా వెతికి, ఆ భిన్నం కింద దాగిన హారాన్ని, అంటే ఆ శాతం వేటిలోనో, ఎన్నింటిలోనో బయటపెడుతుంది.

ఆమె మీట నొక్కింది.

"దాడులని లెక్కేసినవాటిలో చాలావరకు మీరు తప్పుగా కొట్టిన పాస్‌వర్డులే," అంది హారదర్శిని. "పోయినేడు గాలి ఆగిన రోజు ఈ లెక్కలో లేదు. దాన్ని మరమ్మతు కింద రాశారు."

సభ గతుక్కుమంటుందనుకుంది నీరజాక్షి. ఎవరో ఆవులించారు.

"ఒక్కసారే కదమ్మా ఆగింది!" అంది పక్కింటి బుల్లెమ్మ.

"ఆ ఒక్కసారికే ఊపిరాడక నా ఒళ్లో పడిపోయావు కదా పిన్నీ!"

"బతికే ఉన్నాగా. నా భుజం మాత్రం రోజూ చస్తోంది."

అందరూ నవ్వారు. నీరజాక్షి మళ్లీ మొదట్నుంచీ చెప్పింది. కవచం తను చూసినవాటినే లెక్కపెడుతుంది, కళ్లుగప్పి దూరినవాటిని అది చూడనే లేదు, చూడనివాటిని ఎలా లెక్కపెడుతుంది అని. ఇసుకలో నీళ్లు పోసినట్టే అయింది.

"అవన్నీ మాకెందుకుగానీ," విసుక్కున్నాడు అధ్యక్షుడు కోదండపాణి. "ఆయన తొంభై తొమ్మిదన్నాడు. నీ చక్రం ఎంత శాతం కాపాడిందో చెప్పమ్మా. ఒక్క ముక్కలో."

చక్రంతో అవసరం పడింది ఒక్కసారే. ఒక్కసారిని శాతంగా చెప్పేవాళ్లను చూసి ఇన్నాళ్లూ నవ్వింది తనే. రేపు మళ్లీ గాలి ఆగితే?

"నూటికి నూరు," అంది.

సభలో కలకలం లేచింది. "నూరే! తొంభై తొమ్మిది కంటే ఎక్కువే!"

అందరికంటే ముందు బుల్లెమ్మే, ఆ నొప్పి భుజంతోనే చెయ్యెత్తింది. ఆ వెనకే అన్ని చేతులూ లేచాయి.

హారదర్శిని వణికింది. "ఈ శాతానికి హారం..."

నీరజాక్షి గుప్పిట గట్టిగా బిగించింది. చప్పట్ల హోరులో, వేళ్ల సందుల్లోంచి ఆమెకొక్కదానికే వినిపించింది.

"ఒకటి."