అడవి జైల్లో మూడో గది

1995 ఆగస్టు. శుక్రవారం ఉదయం తొమ్మిది నలభై. పాలమూరు అడవిలో పాడుబడ్డ జైలు. ఒక గదికి బయటి నుంచి గడియ వేసి ఉంది. పోలీసులు తీశారు.

లోపల ఈదయ్య శవం. అరవై ఎనిమిదేళ్లు. రిటైర్డ్ వార్డర్. చిక్కడపల్లిలో ఇల్లు. మంగళవారం నుంచి కనబడటం లేదని కూతురు స్వరూప ఫిర్యాదిచ్చింది. ఒంటి మీద దెబ్బల్లేవు. గోళ్లు మాత్రం అరిగిపోయి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ జగదీశ్వర్ పంచనామా రాయించాడు. తలుపు మీద అంకె: మూడు.

డెబ్బై ఒకటిలో ఖైదీలను తరలించి అక్కడ టీబీ ఆసుపత్రి పెట్టారు. తర్వాత అది వెదురు గోదాము. పదేళ్లుగా గబ్బిలాలే.

సోమవారం ఈదయ్యతో మాట్లాడినవాళ్లు ఇద్దరని స్వరూప చెప్పింది. శనివారం పదకొండింటికి ఇద్దరూ స్టేషన్‌లో ఉన్నారు. పాత జైల్లో ఈదయ్య శవం దొరికిందని మాత్రమే జగదీశ్వర్ వాళ్లకు చెప్పాడు.

"ఆ చోటు మీకు తెల్సా, మూర్తిగారూ?"

నారాయణగూడ సూర్యనారాయణమూర్తి ఆ ఆసుపత్రిలో కాంపౌండరు. "తొమ్మిదేళ్లు పనిచేశానండీ."

"మంగళవారం?"

"విద్యానగర్‌లో, మా అమ్మాయింట్లో."

రెండోవాడు అశోక్‌నగర్ బస్తీలో ఉండే తాపీమేస్త్రీ పెద్దులు. ఈదయ్య పక్కింట్లో పని.

"మంగళవారం పనికెందుకు పోలే?"

"పానం బాగలేకుండె సార్."

"జైలు ఎన్నడన్న చూసినవా?"

"ఎన్నడు సూడలే. పాపం, పెద్దమనిషి ఏడో గదిల పడి సచ్చుడేంది సార్?"

జగదీశ్వర్ తలెత్తాడు. "ఏ గదో నేను చెప్పలే. తలుపు మీద మూడని ఉంది."

మూర్తి నెమ్మదిగా అన్నాడు: "మేమొచ్చాక అవతలి కొస నుంచి కొత్త అంకెలు వేయించామండీ. జైలు రోజుల్లో అది ఏడే."

"అంటే నువ్వు జైలుగ ఉన్నప్పుడు చూసినవు. ఎప్పుడు?"

పెద్దులు చేతులకంటిన సిమెంటు చూసుకున్నాడు.

"అరవై తొమ్మిదిల. అడవిల కట్టె కొట్టినమని నన్ను, మా అన్నను ఏసిండ్రు. ఆయన ఏడో గదిల, నేను ఎనిమిదో గదిల. జరమొచ్చి మూడు దినాలు నీళ్లు నీళ్లని మొత్తుకున్నడు. ఈదయ్య తలుపు తీయలే. అన్న సచ్చిండు."

"ఈదయ్య నిన్ను గుర్తుపట్టలేదా?"

"లేదు. జైలు సూపియ్యమన్న. వద్దనకుంట వచ్చిండు. గదిలకు వోంగనే గడియ ఏసిన."

"మొత్తుకున్నడా?"

"మొత్తుకున్నడు. జరసేపు కూసున్న. కోపం గూడ రాలే సార్. ఏమనిపియ్యలే. బస్సెక్కి వచ్చిన. తెల్లారి పనికి వోయిన."

స్టేట్‌మెంట్ మీద వేలిముద్ర తీసుకున్నారు.

మధ్యాహ్నం రెండింటికి జగదీశ్వర్ స్వరూప ఇంటికెళ్లి అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు.

"నాయన రోజు పండుకునే ముందల తలుపు బయట చెంబుల నీళ్లు పెట్టేటోడు సార్. నా చిన్నప్పటి సంది. ఎవరికని అడిగితే చెప్పేటోడు కాదు."

జగదీశ్వర్ ఆ మాట రాసుకోలేదు. జీపెక్కి స్టేషన్‌కు పొమ్మన్నాడు.